పట్టీ లెక్కల భాష: ఎవరి ‘తరుగు’ ఎవరికి?

ఫిబ్రవరి 7, శనివారం

మిర్చి యార్డుకి సెలవు కాబట్టి బాబాయి కొట్లో గుమాస్తా గారు ఇవాళ తీరిగ్గా దొరికారు. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద కూర్చోబెట్టి రెండు గంటల సేపు ఆయన చేత పట్టీ లెక్కలు చెప్పించుకున్నాను.

బాబాయిది మిర్చి కమీషన్ కొట్టు. రైతు కాయ తెస్తాడు, కాటా అవుతుంది, పట్టీ రాస్తారు. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత బరువు, రేటెంత, అందులోంచి కమీషన్, హమాలీ, కాటా కూలి, పాత బాకీ పోను చేతికొచ్చేదెంత. చెప్పుకోడానికి ఇంతే. కానీ తేజ రకానికి ఒక పద్ధతి, తాలుకి (నాసి కాయకి) ఇంకో పద్ధతి, ఏసీలోంచి (కోల్డ్ స్టోరేజీలోంచి) తీసిన సరుకుకి మరో పద్ధతి. పాత రైతుకి మాటిచ్చిన తగ్గింపు వేరే. ఇదంతా ప్రస్తుతం ఒక ఎక్సెల్ ఫైల్లో ఉంది. అందులో ఒకే సెల్లో 11 ‘ఇఫ్’లు ఒకదాని కడుపులో ఒకటి ఉన్నాయి. అది రాసినాయన కొట్టు మానేసి రెండేళ్లయింది.

నా ఆలోచన ఏమిటంటే, గుమాస్తా గారే రాసుకోగలిగేంత చిన్న భాష ఒకటి తయారు చేయడం. తెలుగులోనే. దాన్ని చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ పైథాన్‌లో.

రాత్రికి టోకెనైజర్ (రాసినదాన్ని మాటలుగా విడగొట్టే భాగం) మొదలుపెట్టాను. మొదటి దెబ్బ అక్కడే. పైథాన్ రెజెక్స్‌లో (అక్షరాల నమూనాలు వెతికే సాధనం) పదాన్ని పట్టుకునే గుర్తు తెలుగు గుణింతాల్ని అక్షరాలుగా ఒప్పుకోదు. ‘కమీషన్’ ఇస్తే ‘కమ’, ‘షన’ అని రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టింది. గుడిదీర్ఘం, పొల్లు ఎక్కడికో పోయాయి. చివరికి రెజెక్స్ వదిలేసి ఒక్కో అక్షరం చదివే లూప్ చేత్తో రాసుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

నడిచింది! మొత్తం 200 లైన్ల లోపే. పేర్లు వెతికే పద్ధతి చాలా తేలిగ్గా పెట్టేశాను. ప్రతి సూత్రం నడిచేటప్పుడు ఒక కొత్త డిక్షనరీ (పేర్లూ వాటి విలువలూ ఉండే పట్టిక) స్టాక్ మీద, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చే దొంతర మీద, పెడతాను. పేరు కావాలంటే స్టాక్ పైనుంచి కిందికి వెతుకుతాను. ఎక్కడ ముందు దొరికితే అదే. సూత్రంలో ‘=’ రాస్తే ఆ పేరు పై డిక్షనరీలో పడుతుంది. సూత్రం అయిపోగానే ఆ డిక్షనరీ తీసేస్తాను.

దీనివల్ల ఒక వరం ఊరికే వచ్చింది. పాత రైతుకి కమీషన్ తగ్గించాలంటే ఇంతే:

సూత్రం పాత_రైతు_పట్టీ:
    కమీషన్ = 1
    పట్టీ

కింద ‘పట్టీ’ ఇంకో ఆరు సూత్రాల్ని పిలుస్తుంది. ఎక్కడో అడుగున ఉన్న ‘కమీషన్_రూపాయలు’ కూడా ఈ 1నే చూస్తుంది. మధ్యలో ఎవరికీ ఏమీ అందించక్కర్లేదు. గుమాస్తా గారికి ఫోన్లో చదివి వినిపిస్తే, “అంతేనా బాబూ, ఇది నేనూ రాస్తాను” అన్నారు. ఆ మాటకి పొంగిపోయి ఇంకో కప్పు టీ తాగాను.

నేను కట్టింది డైనమిక్ స్కోప్ అని తెలుసు. పేరుకి అర్థం అది రాసిన చోటునిబట్టి కాక, ఆ క్షణానికి ఎవరు ఎవర్ని పిలిచారన్నదాన్నిబట్టి తేలుతుంది. పాతకాలపు తప్పు అని కాలేజీలో చదువుకున్నదే. కానీ దీన్ని కావాలనే ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1981లో ఈమాక్స్ ఎడిటర్ మీద రాసిన పేపర్లో దీన్ని గట్టిగా సమర్థించాడు. ఎడిటర్ వాడేవాళ్లు ఏది మార్చాలనుకుంటారో రాసినవాడు ముందే ఊహించలేడు కదా, అందుకని అతను మీట పెట్టని చోట కూడా మార్చుకునే వీలుండాలంటాడు. మా గుమాస్తా గారి పరిస్థితి సరిగ్గా అదే. అందుకే ఉండనిచ్చాను. ఇది బద్ధకానికి పెట్టుకున్న పెద్ద పేరు కూడా కావచ్చు.

ఫిబ్రవరి 14, శనివారం

గుమాస్తా గారు వారం రోజుల చేతిరాత పట్టీలు తెచ్చారు. ఒక్కొక్కటీ ప్రోగ్రాంలో వేసి రెండు మొత్తాలూ కలుస్తున్నాయా అని చూస్తున్నాం. అన్నీ కలిశాయి, తాలు పట్టీ ఒక్కటి తప్ప. 588 రూపాయలు తేడా. అది రైతుకి తక్కువ పడుతోంది.

ముందు ఆయన కూడికనే అనుమానించాను. అది నా తప్పు. ఆయన కాగితం మీద మళ్లీ కూడి చూపించారు, సరిగ్గానే ఉంది. గంటన్నర తర్వాత దొరికింది. సంబంధం ఉన్న లైన్లు ఇవే (అంకెలు సౌకర్యానికి గుండ్రం చేశాను):

తరుగు = 1

సూత్రం నికర_బరువు:
    బరువు - టిక్కీలు * తరుగు

సూత్రం తాలు_పట్టీ:
    తరుగు = 2
    నికర_బరువు * (100 - తరుగు) / 100 * రేటు / 100

పైన ఉన్న తరుగు గోతాం బరువు, టిక్కీకి 1 కిలో. అది నేను రాశాను. తాలు పట్టీలో తరుగు అంటే దుమ్ము, గింజ పోయేదానికి 2 శాతం. అది గుమాస్తా గారు రాశారు. ఆయన తప్పేం లేదు, రెండింటినీ తెలుగులో తరుగనే అంటాం.

10 టిక్కీలు, 430 కిలోలు, క్వింటాలు 6,000 అనుకుందాం. గోతాలు పోను 420, అందులో 2 శాతం పోను 411.6 కిలోలు, అంటే 24,696 రూపాయలు. ప్రోగ్రాం మాత్రం ‘నికర_బరువు’ని తాలు పట్టీ లోపలినుంచి పిలిచింది కాబట్టి స్టాక్ మీద ముందు కనబడిన 2నే తీసుకుంది. టిక్కీకి 2 కిలోల గోతాం! 410 కిలోలు, దాంట్లో 2 శాతం పోను 401.8, అంటే 24,108. తేడా 588.

నాకు భయం వేసింది తేడా చూసి కాదు. గుమాస్తా గారు ‘నికర_బరువు’ జోలికే పోలేదు. అది వారం నుంచీ బాగానే నడుస్తోంది. ఎక్కడో కింద కొత్తగా ఒక సూత్రం రాస్తే, దానికి ఇరవై లైన్ల పైన ఉన్న పాత సూత్రానికి అర్థం మారిపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆ 2 బదులు 50 అయ్యుంటే బరువు మైనస్‌లోకి పోయి అప్పుడే కనబడేది. చిన్న అంకె కాబట్టి కాగితం మీద అందంగా ఇమిడిపోయింది.

ఈ గోతిలో నాకంటే చాలా ముందే పడ్డవాళ్లున్నారు. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష తొలి రోజుల్లో జేమ్స్ స్లాగిల్ తన ఫంక్షన్ ఒకటి అనుకున్నట్టు నడవడం లేదని ఫిర్యాదు చేస్తే, అదేదో మామూలు బగ్గు, స్టీవ్ రస్సెల్ చూసుకుంటాడులే అనుకున్నాడట ఆ భాషని తయారుచేసిన జాన్ మెకార్తీ. తర్వాత లిస్ప్ చరిత్ర రాస్తూ ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మామూలు బగ్గు పేరే డైనమిక్ స్కోప్. అప్పటికే అల్గాల్ 60 అనే ఇంకో భాష దారి వేరు, ఏ పేరు ఎవరిదో బ్లాకు రాసిన చోటే తేలిపోతుంది. లిస్ప్ కుటుంబంలో ఆ పద్ధతిని పట్టుకొచ్చింది 1975లో సస్‌మన్, స్టీల్ చేసిన స్కీమ్ భాష.

ఫిబ్రవరి 15, ఆదివారం

లెక్సికల్ స్కోప్‌కి (పేరుకి అర్థం అది రాసిన చోటునిబట్టే తేలే పద్ధతికి) మార్చేశాను. మార్పు ఒక్క లైను. ఇదివరకు సూత్రం నడిచేటప్పుడు కొత్త డిక్షనరీకి తల్లి ‘పిలిచినవాడి చోటు’. ఇప్పుడు ‘సూత్రం పుట్టిన చోటు’. సూత్రం చదివేటప్పుడే అది ఏ చోటులో రాసి ఉందో దాంతోపాటు దాచిపెట్టుకుంటాను.

బాబాయి అడిగితే ఇలా చెప్పాను. ఒక కాగితం మీద ‘నాలుగో లైను’ అని రాసి ఆటో అతనికి ఇచ్చాం. నాలుగో లైను బ్రాడీపేటలోనూ ఉంది, అరండల్‌పేటలోనూ ఉంది. కాగితం రాసింది బ్రాడీపేటలో కూర్చుని కాబట్టి బ్రాడీపేట నాలుగో లైనుకే పోతే లెక్సికల్. ఆ టైముకి ఆటో అరండల్‌పేటలో ఉంది కాబట్టి అక్కడి నాలుగో లైన్లో దింపేస్తే డైనమిక్. “అట్టా దింపితే డబ్బులెవడిస్తాడ్రా” అన్నాడు బాబాయి.

తాలు పట్టీ కలిసింది. 24,696.

కానీ పాత రైతు పట్టీ విరిగింది. ‘కమీషన్ = 1’ అన్నది ఆ సూత్రం గడప దాటి పోవడం లేదు. అడుగున ఉన్న ‘కమీషన్_రూపాయలు’ తను పుట్టిన చోటు చూసుకుని 2 శాతమే కోస్తోంది. సరిచేయాలంటే మధ్యలో ఉన్న ఆరు సూత్రాలకీ కమీషన్‌ని ఇన్‌పుట్‌గా పెట్టి చేతులు మార్చుకుంటూ కిందిదాకా మోయాలి. రాసి చూపించాను. గుమాస్తా గారు కళ్లజోడు పైకి జరిపి, “మొన్న ఒక్క లైనే కద బాబూ, ఇప్పుడిదేంటి?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి “ఇది సేఫండీ” అన్నాను. ఆ ముఖం చూస్తే ఆ మాట ఆయనకి ఎక్కలేదని తెలిసిపోయింది.

ఫిబ్రవరి 21, శనివారం

ఆరు సూత్రాల మోత సంగతి పక్కన పెట్టి, ముందు ‘=’ గుర్తు సంగతి చూడాల్సి వచ్చింది. శుక్రవారం గుమాస్తా గారు ఫైల్ చివర ‘కమీషన్ = 1.5’ అని కొత్త లైను పెట్టినా పట్టీలో 2 శాతమే వస్తోందన్నారు. ఫైల్ తెరిచి చూస్తే పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది. మరి ఎందుకు పనిచేయదు?

రెండు పేర్లలో ఎన్ని యూనికోడ్ గుర్తులున్నాయో లెక్కపెట్టించాను. ఒకదాంట్లో 6, ఇంకోదాంట్లో 7. ఆయన వాట్సాప్‌లో నేను రాసిన ‘కమీషన్‌లో’ అన్న మాట కాపీ చేసుకుని ‘లో’ చెరిపేశారు. ‘న్’కీ ‘లో’కీ మధ్య, అవి కలిసి ఒత్తు కాకుండా ఆపే కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. అది మాత్రం మిగిలిపోయింది. నా భాష దాన్ని కొత్త పేరనుకుని, మారు మాట్లాడకుండా కొత్త వేరియబుల్ పుట్టించింది. పాత కమీషన్ 2 దగ్గరే ఉండిపోయింది.

ఆ గుర్తుని పేర్లలోంచి తీసేయడం రెండు నిమిషాల పని. అసలు జబ్బు అది కాదు. కొత్త పేరు పుట్టించడానికీ, ఉన్న పేరుకి విలువ మార్చడానికీ ఒకే గుర్తు వాడటం. ఇక్కడ ఒక్కో భాషది ఒక్కో తంటా. జావాస్క్రిప్ట్ మామూలు మోడ్‌లో డిక్లేర్ చేయకుండా విలువ ఇస్తే అది తిన్నగా గ్లోబల్ అయి కూర్చుంటుంది. కాఫీస్క్రిప్ట్‌లో లోపలి ఫంక్షన్లో మనకంటూ ఒక పేరు పెట్టుకున్నామనుకుంటాం, బయట అదే పేరు ఉంటే దాన్ని తొక్కేస్తుంది. పైథాన్ దీనికి తిరగేసి, ఫంక్షన్లో ఎక్కడ విలువ ఇచ్చినా ఆ పేరు ఆ ఫంక్షన్‌దే అనుకుంటుంది. బయటి ఫంక్షన్ పేరు మార్చాలంటే ‘నాన్‌లోకల్’ అని చెప్పాలి, అదైనా 2008లో పైథాన్ 3తోనే వచ్చింది.

నేను రెండు మాటలు పెట్టాను. ‘ఉంచు’ అంటే కొత్తగా పుట్టించు. ‘మార్చు’ అంటే ఉన్నదాన్ని మార్చు, లేకపోతే ఆగిపో.

ఉంచు తరుగు = 1
మార్చు కమీషన్ = 1.5

కనబడని గుర్తుతో ఉన్న పాత ఫైల్లో ‘మార్చు’ పెట్టి చూస్తే నా ఎర్రర్ మెసేజ్ ఇలా వచ్చింది: “కమీషన్‌ అనే పేరు లేదు. కమీషన్ అనుకున్నారా?” చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాతే ఆ గుర్తుని తీసేసే లైను రాశాను.

లోపలి సూత్రంలో బయటి పేరే మళ్లీ ‘ఉంచు’కోవచ్చా? లోకల్ పేరు మీద ఇంకో లోకల్ పెడితే జావా ఊరుకోదు, రస్ట్ హాయిగా ఒప్పుకుంటుంది. తరుగు గుణపాఠం ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి హెచ్చరిక మాత్రం ఇచ్చి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 28, శనివారం

వారమంతా ఆ ఆరు సూత్రాల మోతే బుర్రలో తిరిగింది. ఆఫీసు పనిలో ఒక బాష్ స్క్రిప్టు (కంప్యూటర్ కమాండ్లు వరసగా నడిపే ఫైలు) చూస్తుంటే తట్టింది. బాష్‌లో ‘లోకల్’ అని పెట్టిన పేరు ఆ ఫంక్షన్ పిలిచిన కింది ఫంక్షన్లకీ కనబడుతుంది. అంటే డైనమిక్ స్కోప్ చచ్చిపోలేదు, రోజూ నా చేతిలోనే ఉంది. పెర్ల్ 5 అయితే 1994 నుంచీ రెండూ పక్కపక్కనే పెట్టుకుంది. ‘మై’ లెక్సికల్, ‘లోకల్’ డైనమిక్. (లోకల్ కానిదానికి లోకల్ అని పేరు పెట్టడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.) ఈమాక్స్ కూడా 2012లో 24వ వెర్షన్‌లో ఫైల్ మొదటి లైన్లో అడిగితే ఆ ఫైల్‌కి లెక్సికల్ ఇవ్వడం మొదలుపెట్టింది.

నాకు బాగా నచ్చింది మాత్రం కామన్ లిస్ప్ అలవాటు. డైనమిక్‌గా ఉండాల్సిన పేరుని ముందే అలా ప్రకటిస్తారు, పేరుకి రెండు వైపులా నక్షత్రాలు తగిలిస్తారు. చదివేవాడికి దూరం నుంచే తెలుస్తుంది, ఈ పేరు తన చేతిలో లేదు, పైనుంచి ఎవరైనా మార్చవచ్చు అని. క్లోజర్ అనే భాష ఇంకా కచ్చితం, అలా ప్రకటించని పేరుని ‘బైండింగ్’లో పెట్టి తాత్కాలికంగా మార్చబోతే ఎర్రరే.

కాబట్టి మూడో మాట, నాలుగో మాట:

ఉమ్మడి కమీషన్ = 2

సూత్రం పాత_రైతు_పట్టీ:
    ఈసారికి కమీషన్ = 1:
        పట్టీ

‘ఉమ్మడి’ అని చెప్పిన పేర్లకే ‘ఈసారికి’ చెల్లుతుంది. తరుగు ఉమ్మడి కాదు, కాబట్టి దాని మీద ‘ఈసారికి’ పెట్టబోతే ప్రోగ్రాం అక్కడే ఆగి లైను నంబరు చెబుతుంది. గుమాస్తా గారికి ఉమ్మడి అన్న మాట వివరించనక్కర్లేకపోయింది. “ఉమ్మడి ఆస్తిలాగా అన్నమాట, ఎవరు ముట్టుకున్నా అందరికీ తగులుద్ది” అన్నారు. ఏవేవి ఉమ్మడి కావాలో ఆయనే లిస్టు రాశారు: కమీషన్, హమాలీ, కాటా కూలి. మూడే. ఇన్నాళ్లూ నేను ఆయనకి భాషలో ఉన్న పేర్లన్నిటి మీదా ఆ పవర్ ఇచ్చి కూర్చున్నాను. ఆయనకి కావాల్సింది మూడు పేర్ల మీద.

ఒక బగ్గు అప్పుడే బయటపడింది. ‘ఈసారికి’ లోపల రేటు ఖాళీగా ఉండి లెక్క ఎర్రర్‌తో ఆగితే, కమీషన్ 1 దగ్గరే ఇరుక్కుపోయి ఆ తర్వాతి రైతులందరికీ 1 శాతమే కోసింది. పాత విలువ తిరిగి పెట్టే లైనుని, ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే పైథాన్ ‘ఫైనల్లీ’లోకి జరిపాను. ఈసారి నష్టం బాబాయికి. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

మార్చి 1, ఆదివారం

ఏసీ సరుకు. రైతు ఇవాళ మాట్లాడుకుని కాయ ఏసీలో పెడతాడు, రెండు నెలల తర్వాత రేటు చూసుకుని అమ్ముతాడు. పట్టీ అప్పుడు పడుతుంది. దీనికోసం ‘వాయిదా’ అని ఒకటి చేర్చాను. సూత్రాన్ని దాచిపెట్టుకుని తర్వాత నడుపుతుంది.

మొదటి పరీక్షలో ముగ్గురు రైతుల్ని లూప్‌లో పెట్టి ముగ్గురికీ వాయిదా పట్టీలు చేయించాను. తర్వాత నడిపితే మూడు పట్టీల మీదా మూడో రైతు టిక్కీలే! లూప్ పేరు ఒకటే పెట్టె, ముగ్గురి సూత్రాలూ ఆ ఒక్క పెట్టెనే పట్టుకుని ఉన్నాయి. లూప్ అయ్యేసరికి అందులో మూడోవాడు మిగిలాడు. పైథాన్‌లో ఇప్పటికీ ఇంతే. సీ షార్ప్ 2012లో ఫర్‌ఈచ్‌కి దీన్ని మార్చింది. గో భాష 2024 ఫిబ్రవరిలో 1.22 వెర్షన్‌తో, అప్పటికే రాసి ఉన్న కోడ్ అర్థం మారుతుందని తెలిసీ, ప్రతి చుట్టుకీ కొత్త పెట్టె ఇవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒక్కరే యూజర్ కాబట్టి ఏ గొడవా లేకుండా పది నిమిషాల్లో మార్చేశాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పాత రైతు ఏసీలో పెడితే?

ఈసారికి కమీషన్ = 1:
    వాయిదా పట్టీ

రెండు నెలల తర్వాత పట్టీ నడిచేసరికి ‘ఈసారికి’ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కమీషన్ మళ్లీ 2. మాటిచ్చిన తగ్గింపు గాల్లో కలిసిపోతుంది. సరే, వాయిదా వేసిన క్షణంలో ఉమ్మడి విలువలన్నిటినీ ఫోటో తీసి దాచుదాం అనుకున్నాను. పైథాన్ 3.7లో వచ్చిన కాంటెక్స్ట్‌వార్స్‌లో ఇలాంటి ఏర్పాటే ఉంది, మొత్తం సందర్భాన్ని కాపీ చేసి ఆ కాపీలో పని నడపవచ్చు. అరగంటలో రాసేశాను, టెస్ట్ పాసయింది. సంబరంగా బాబాయికి చూపించాను.

ఆయన స్క్రీన్ వంక ఒక నిమిషం చూసి, “హమాలీ కూడా ఆనాటిదే కోస్తున్నావేంట్రా? రేట్లు మధ్యలో పెరిగితే హమాలీలు ఊరుకుంటారా?” అన్నాడు.

“మరి కమీషన్ ఆ రోజుదే కావాలన్నావుగా బాబాయ్?”

“కమీషన్ మాటిచ్చిన రోజుది. హమాలీ సరుకు ఎత్తిన రోజుది. రెండూ ఒకటెట్టా అయితయ్?”

మూడు ఉమ్మడి పేర్లూ ఒకే రకం కాదన్నమాట. ఒకటి వాయిదా వేసిన నాటి విలువ పట్టుకుని ఉండాలి, మిగతా రెండూ నడిచిన నాటి విలువ చూడాలి. ‘ఉమ్మడి’ పక్కన ఇంకో మాట కావాలి. ‘మాట’ అనే పెడదామా అని చూస్తున్నాను: ‘ఉమ్మడి మాట కమీషన్ = 2’. గుమాస్తా గారిని అడగాలి. రేపు సోమవారం, యార్డు తీస్తారు, సీజన్ మధ్యలో ఆయన ఫోనెత్తరు. వచ్చే శనివారం దాకా ఏసీ పట్టీలు ఆ పాత ఎక్సెల్‌లోనే.